మాక్రోఫిల్లా ఎవరు?

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. బడి నడిచే వేళలో ఫోన్ ఎత్తడం కుదరదని మా అవ్వకు, అంటే మా అమ్మకు, తెలుసు. అయినా ఆ రోజు ఏడో తరగతి వాళ్లకు సంధులు చెప్తుంటే మూడుసార్లు మోగింది. నాలుగోసారి వరండాలోకి వెళ్లి ఎత్తాను.

"మీ బాపుకు ఎవలో పిల్ల దొరికింది బిడ్డా," అంది అవ్వ.

"పిల్ల ఏందవ్వా? ఎవల పిల్ల?"

"గదే తెల్వక నిన్ను అడుగుతున్న. పేరు మాత్రం దొరికింది. మాక్రో పిల్లనట. ఇంగ్లీషు పేరు లెక్కున్నది."

"నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో చెప్పుడేంది? ఆయనే ఫోన్ల మాట్లాడుతుంటే విన్న. 'మాక్రో పిల్లను ఎండల పెట్టకు, జర నీడకు జరుపు' అంటుండు. ముప్పై ఎనిమిదేండ్లల్ల నన్ను ఒక్కసారన్న నీడకు జరుగుమన్నడా?"

నాకు నవ్వొచ్చింది. కానీ అవ్వ గొంతులో నవ్వు లేదు. క్లాసులో పిల్లలు గోల మొదలుపెట్టారు. సాయంత్రం మాట్లాడతానని పెట్టేశాను.

బాపుకు అరవై రెండేళ్లు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరై, నస్పూర్‌లో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో అవ్వతో ఉంటున్నాడు. ముందు గదిలో అవ్వ కుట్టుమిషన్ ఉంటుంది. వాడకట్టు ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమె చేతిమీదుగానే వెళ్తాయి. వెనుక గదిలో బాపు టీవీ చూస్తాడు, లేకపోతే పడుకుంటాడు. ఆయనకు ఒక పిల్ల దొరకడమనేది నా ఊహకు అందలేదు.

అయితే మా ఇంట్లో అనుమానపడటాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. దానికొక కారణం ఉంది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు గనిలో పైకప్పు కూలింది. ఎవరో స్కూటర్ మీద వచ్చి, "ఏం కాలేదు, చిన్న దెబ్బ, ఫికర్ చెయ్యకు" అని చెప్పి వెళ్లిపోయారు. అవ్వ ఆ మాట నమ్మింది. వంట పూర్తి చేసి, టిఫిన్ డబ్బా కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ బాపు తెలివి తప్పి ఉన్నాడు. కాలూ భుజమూ కట్లతో ఉన్నాయి. అవ్వ ఆ డబ్బా పట్టుకుని మంచం పక్కన నిలబడిపోయింది. ఆ రోజు నుంచి ఎవరైనా "ఏం కాలేదు" అంటే చాలు, ఆమె చెప్పులు వేసుకుంటుంది. పాలలో నీళ్లు కలిశాయేమోనని నేల మీద చుక్క వేసి చూస్తుంది. మందుల షాపువాడు ఇచ్చిన గోళీలను పోయిన నెల గోళీల పక్కన పెట్టి రంగు పోలుస్తుంది. నేనూ అంతే. పిల్లలు సెలవుచీటీ తెస్తే ముందు సంతకం చూస్తాను, తర్వాతే విషయం చదువుతాను.

సాయంత్రం అవ్వ అంతా వివరంగా చెప్పింది. వానలు మొదలైనప్పటి నుంచి బాపు మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి లక్సెట్టిపేట పోతున్నాడు. ఏం పని అంటే "పనున్నది" అంటున్నాడు. ఇస్త్రీ అంగీ తొడుక్కుంటున్నాడు. తిరిగొచ్చేసరికి చేతుల నుంచి మన ఇంటి సబ్బు కాని వాసన వస్తోంది. వీటన్నిటికీ మించి, అవ్వ కొలతల టేపు కనిపించకుండా పోయింది. మిషన్ సొరుగులో ఉండాల్సినది బాపు ప్యాంటు జేబులో దొరికింది. దాంతోపాటు ఒక చీటీ.

"రాసుకో," అంది అవ్వ. నేను హాజరు పట్టీ వెనక రాసుకున్నాను. మాక్రోఫిల్లా: 14, 15½, 13. చిన్నది: 5, 6, 5½.

"పెద్దది గాక చిన్నది గూడ ఉన్నదట," అంది. "పద్నాలుగు భుజం కొలత అనుకుందాం. మరి ఐదు ఏంది? పసిపిల్లకు గూడ భుజం ఐదుండది. ఏం కొలుస్తుండో చెప్పు."

ఫోన్ పెట్టేశాక ఆ మాటను ఇంటర్నెట్‌లో వెతికాను. మనిషి పేరు కాదు. మహాగని అనే చెట్టు పేరులో సగం. పెద్ద ఆకు మహాగని మొక్కలు అమ్ముతామనే ప్రకటనలు వరసగా వచ్చాయి. ఒక మొక్క నాటండి, పిల్లల భవిష్యత్తు గురించి బెంగ మరిచిపోండి, నిశ్చింతగా పడుకోండి. తెల్ల చొక్కాల మనుషులు చెట్టు మొదలు మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. రిటైరైన వాళ్ల చేతిలో నాలుగు రాళ్లుంటాయని వాసన పట్టే వాళ్లు ఎక్కడెక్కడ ఉంటారో అందరికీ తెలిసిందే. అవ్వకు ఆ చీటీలో ఆడమనిషి కనిపించింది. నాకు దళారి కనిపించాడు.

శనివారం బడి కాగానే మంచిర్యాల బస్సెక్కాను. నస్పూర్ చేరేసరికి బాపు గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఏం బిడ్డా, చెప్పకుండ వచ్చినవ్?"

"రావద్దా?"

"అట్లెందుకంటవ్?"

ఆ రాత్రి ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర మెల్లగా ఎత్తాను. "లక్సెట్టిపేటల ఏం పని బాపూ?"

"ఏం లేదు. తెలిసినోళ్లున్నరు."

"ఎవలు?"

"నీకు తెల్వదు."

"భూమి ఏమన్న కొంటున్నవా?"

"నాకెందుకు బిడ్డా భూమి?"

"ఎవలన్న కాయితాల మీద సంతకాలు పెట్టుమన్నరా?"

బాపు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "నువ్వు గూడ మీ అవ్వ లెక్కనే తయారైనవ్," అని లేచి చేతులు కడుక్కున్నాడు. తర్వాత టీవీ గట్టిగా పెట్టాడు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఉతకడానికి వేసిన అంగీ చూశాను. జేబు మూలలో ఎర్రమట్టి, ఒక ఎండిన ఆకు ముక్క. దాన్ని కాగితంలో చుట్టి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం చాలా పెద్ద ఆధారం దొరికినట్టనిపించింది.

రెండు రోజులు సెలవు పెట్టాను. మంగళవారం ఆరింటికి బాపు వెళ్లాడు. ఆయన తర్వాతి బస్సులో అవ్వా నేనూ బయల్దేరాం. దారి పొడుగునా అవ్వ ఒడిలో చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

లక్సెట్టిపేట బస్టాండ్ బయట పండ్లమ్మే ఆమెను అవ్వ అడిగింది. "గిట్ల ఒక పెద్దాయన, తెల్ల అంగి, కుడికాలు జర ఈడుస్తడు. చూసినవా?"

"నర్సరీ సారా? గిప్పుడే పోయిండు," అంది ఆమె.

అవ్వ నా వైపు తిరిగింది. "సారా?"

గోదావరి వైపు వెళ్లే రోడ్డు మీద నర్సరీ ఉందని చెబితే ఆటో ఎక్కాం. ఆకుపచ్చ వల కప్పిన పందిరి, లోపల నల్ల సంచుల్లో వరసల వరసల మొక్కలు, గేటు లేదు. మేం కొబ్బరి మొక్కల వరస చాటున ఆగిపోయాం. అక్కడి నుంచి బాపు కనిపిస్తున్నాడు. బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, మోకాలి మీద ఒక ఆకు పరిచి, దాని మీద అవ్వ టేపు పట్టి చూస్తున్నాడు. పక్కన యాభై ఏళ్ల ముస్లిం ఆడమనిషి, తల మీద దుపట్టా, మట్టి చేతులు, నోటుబుక్కులో రాసుకుంటోంది.

"పద్నాలుగున్నర," అన్నాడు బాపు.

"హౌ సార్, రాసిన."

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్లు దిగబడ్డాయి. బాపు ఫోన్లో మాట్లాడింది ఈమెతోనే అని ఆమె అనుకుంటున్నట్టు చెప్పకుండానే నాకర్థమైంది. నాకు మాత్రం ఆ నోటుబుక్కు మీదే అనుమానం. అందులో ఏం రాస్తున్నారు, కింద ఎవరి సంతకం ఉంది?

మేం ఇంకా ఏం చేయాలో తేల్చుకోకముందే ఒక బండి వచ్చి ఆగింది. దిగినాయన రైతు. బండికి వేలాడదీసిన సంచిలోంచి రెండు మొక్కలు తీసి ఆ ఆడమనిషి ముందు పెట్టాడు.

"ఏమమ్మా, నన్ను పిచ్చోన్ని అనుకున్నవా? పెద్దాకు మహాగని అని ఇచ్చినవ్. గీ ఆకు చూడు, నా అరచేతికి గూడ సరిపోతలేదు. మా కట్ట మీద టేకు చెట్టున్నది. దాని ఆకు నెత్తి మీద పెట్టుకుంటె వానకు తడవం. గదీ పెద్దాకంటే!"

"కూసో పటేలా, జర కూసో," అందామె. "సార్ గదే చూస్తుండు."

"ఈ సార్ ఎవలు? నేను కొన్ననాడు లేకుండె. నీ మనిషేనా? ఇద్దరు కలిసి కథ చెప్తున్రా నాకు?"

నా మణికట్టు వదిలేసి అవ్వ ముందుకు నడిచింది. నేను ఆపేలోగా పందిరి కిందికి చేరింది.

"ఆయన నా మనిషి," అంది.

బాపు లేచి నిలబడ్డాడు. ఆకు కింద పడింది. రైతు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వెట్ల వచ్చినవే?" అన్నాడు బాపు.

"బస్సుల."

ఆ ఆడమనిషి కుర్చీ తెచ్చి వేసింది. "రాండ్రి అక్కా, కూసోండ్రి. సార్ మీ ముచ్చట ఎప్పుడు చెప్తడు."

"ఏం చెప్తడు?"

"మీ అంత మంచిగ జాకెట్ కుట్టేటోళ్లు నస్పూర్ల లేరని."

అవ్వ కుర్చీలో కూర్చోలేదు. రైతు తెచ్చిన మొక్కల్లో ఒకదాన్ని ఎత్తి, ఆకు వెనకా ముందూ తిప్పి చూసింది. "మాక్రో పిల్ల ఇదేనా?"

"ఫిల్లా," అన్నాడు బాపు మెల్లగా. "చెట్టు పేరు."

"అర్థమేంది?"

"పెద్దాకులది అని."

అవ్వ ఆ ఆకును రైతు వైపు చాపింది. "మరి ఈ పటేలు అడిగింది నిజమే కద. గిది పెద్దాకా? నేను చిన్నప్పుడు ఎన్ని విస్తర్లు కుట్టిన! మోదుగాకు దీనికి రెండంతలుంటది. పేరు పెట్టినోనికి కండ్లు లేకుండెనా?"

"జర నువ్వన్న చెప్పక్కా," అన్నాడు రైతు. ఆయనకు ఒక తోడు దొరికినట్టయింది.

బాపు మళ్లీ డబ్బా మీద కూర్చున్నాడు. నేనూ అప్పటికి పందిరిలోకి వచ్చేశాను. నన్ను ఒకసారి చూసి ఆయన అవ్వనే అడిగాడు. "మోదుగాకు తెంపినప్పుడు ఒక్క కాడకు ఎన్నొస్తయి?"

"మూడు."

"మూడు ఆకులా? ఒక్క ఆకా?"

"మూడు ఆకులే. మూడు విడదీసే కద కుట్టేది."

"కాదు. మూడు కలిసి ఒక్కటే ఆకు. ఆకు కొమ్మకు అంటుకున్న జాగల ఒక మొగ్గ ఉంటది. చిన్నగ, కంటికి ఆననంత. ఆ మొగ్గ యాడుంటే ఆడికెళ్లి ఒక ఆకు మొదలు. ఈ చిన్న చిన్న వాటి మొదట్ల మొగ్గ ఉండది. వీటిని పత్రకాలంటరు."

పత్రకాలు అన్న మాట బాపు నోట నేను ఎన్నడూ వినలేదు. అది ఏ దళారీ నేర్పే మాట కాదు. నా అనుమానం అక్కడ మొదటిసారి తడబడింది.

అవ్వ సంచిలోంచి సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్లజోడు తీసి పెట్టుకుంది. మొక్క కాండాన్ని వేలితో తడుముతూ వంగి చూసింది. "ఈడ ఉన్నది," అంది. తర్వాత జంట జంటగా ఉన్న చిన్న ఆకుల మొదళ్లు ఒక్కొక్కటే చూసింది. "ఈడ లేదు. ఈడ గూడ లేదు." కళ్లజోడు తీసి రైతుకిచ్చింది. ఆయన కూడా పెట్టుకుని చూశాడు.

బాపు కాండం దగ్గర నుంచి ఈనె కొస దాకా టేపు పట్టబోయాడు. అవ్వ టేపు లాక్కుని తానే కొలిచింది. టేపుకు రెండో వైపు సెంటీమీటర్లుంటాయని ఆమెకు బాపు చూపించాల్సొచ్చింది. ముప్పై ఎనిమిది. నా మోచేతి నుంచి వేళ్ల దాకా పెట్టి చూస్తే దాదాపు సరిపోయింది.

"అయినా టేకాకే పెద్దది," అన్నాడు రైతు. ఆయన వదిలేలా లేడు.

"టేకు తోటి పోల్చి పెట్టలే పటేలా. దీనికి తోడబుట్టింది ఇంకోటున్నది. దాని పత్రకం ఐదు, ఆరు. దీనిది పద్నాలుగు, పదిహేను. గా చిన్నదాని పక్కన పెట్టి చూసి దీన్ని పెద్దాకులది అన్నరు. మీ ఇంట్ల చిన్నాయన ఉంటడు, పక్కింట్ల పెదనాయన ఉంటడు. మీ చిన్నాయన ఆ పెదనాయన కన్న పెద్దోడు కావచ్చు. ఎవలింటి లెక్క వాళ్లది."

రైతు ముఖంలో ఏదో కాస్త సడలింది. "మరి టేకుకు ఏం పేరు పెట్టిన్రు?"

"దానికి గూడ పెద్దదనే పెట్టిన్రు. ఆకును చూసి కాదు, చెట్టును చూసి."

భాష చెప్పే దాన్ని కాబట్టి నేను ఊరుకోలేకపోయాను. ఈ మాట ఎక్కడిదని అడిగాను. బాపుకు నిజంగా తెలుసో, ఎవరో చెప్పింది వల్లిస్తున్నాడో చూద్దామని కూడా ఉంది.

"గ్రీకు మాట. మాక్రో అంటే పెద్ద. ఫిల్లా అంటే ఆకు. పత్రహరితాన్ని క్లోరోఫిల్ అంటరు కద, గా ఫిల్లూ ఈ ఫిల్లా ఒక్కటే."

"మరి చివరన ఆ ఎందుకొచ్చింది?"

"చెట్లకు రెండు మాటల పేరుంటది. ముందటిది ఇంటిపేరు లెక్క. దీని ఇంటిపేరు ఆడపేరు. అందుకని రెండోది గూడ ఆడపేరు లెక్కనే మారుతది. మగపేరైతే మాక్రోఫిల్లస్ అయితుండె."

"అంటే ఆడపేరే," అంది అవ్వ.

"ఆడపేరే," అన్నాడు బాపు.

నర్సరీ ఆమె దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

ఇంతలో బాపు రైతు తెచ్చిన రెండో మొక్క అందుకున్నాడు. కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తలెత్తి నర్సరీ ఆమెను చూశాడు. ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఆ చూపును అవ్వ చూసింది, నేను చూశాను, రైతు కూడా చూశాడు. మళ్లీ ఏదో దాస్తున్నారనిపించింది.

"ఇది నువ్వన్నట్టు చిన్నాకుదే పటేలా," అన్నాడు బాపు. "కలిసిపోయింది."

రైతు లేచాడు. "మరి? మోసం కాదా?"

అప్పుడు ఆమె మాట్లాడింది. భర్త పోయాక రెండేళ్లుగా నర్సరీ తానే నడుపుతోందట. ఈసారి మొలకలు దూరపు నర్సరీ నుంచి తెప్పిస్తే అందులో రెండు రకాలు కలిసి వచ్చాయి. ఆమెకు తెలియదు. కరివేపాకు మొక్క కోసమని ఒక రోజు వచ్చిన బాపు మడిలో ఆకులు చూసి, ఇందులో రెండు జాతులున్నాయని చెప్పాడు. "నేను పరేషాన్ అయిన. సార్, మీరే వచ్చి జర ఏరి ఇయ్యుండ్రి అన్న. గప్పటికే కొన్ని అమ్మిన. ఎవలెవలకు ఇచ్చిన్నో రాసుకున్న. మొత్తం ఏరినంక ఒక్కొక్కలకు చెప్దామని ఉన్న. మీరే ముందుగాల వచ్చిన్రు."

"ఏరుడు గింత ఆలస్యమెందుకు?" అన్నాను నేను.

బాపు జవాబిచ్చాడు. "ఎండల ఉన్న మొక్క ఆకు చిన్నగైతది, నీడకున్నది పెద్దగైతది. అట్లనే కొలిస్తె తప్పు పడుతది. అన్నింటిని ఒక్క నీడకు తెచ్చి, కొత్త ఆకు వచ్చేదాక ఆగి కొలవాలె. గందుకే నీడకు జరుపుమన్న."

అవ్వ దుమ్ము దులిపి, ఇందాకటి కుర్చీలో కూర్చుంది.

రైతు మాత్రం పూర్తిగా మెత్తబడలేదు. మిగతా మొక్కలు ఏవి ఏవో తనకెలా తెలుస్తుందన్నాడు. బాపు తానే చేనుకు వచ్చి ఒక్కొక్కటీ చూస్తానన్నాడు. "వచ్చి చూడు. నేను నీ పక్కన నిలబడి చూస్త," అని బండెక్కి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. కిటికీ దగ్గర అవ్వ, మధ్యలో బాపు. ఊరు దాటాక అవ్వ అడిగింది. "నాకు ఎందుకు చెప్పలే?"

ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా గనిలో పనిచేసే మా తాతకు ఊపిరితిత్తులు చెడిపోయి, ఆయన ఉద్యోగం బాపు మీద పడింది. పుస్తకాలు వదిలేసి గనిలో దిగాడు. వాటిలో వృక్షశాస్త్రం పుస్తకం ఒక్కటి మాత్రం అమ్మలేదు. అది ఇప్పుడు నర్సరీలోనే ఉందట. ఈ ముచ్చట నాకు కొత్త. అవ్వకు కూడా కొత్తే.

"రిటైరైనంక మళ్ల కూలికి పోతుండని నలుగురు అంటరని చెప్పలే," అన్నాడు.

"నలుగురు అంటరనా? నేనంటననా?"

"నువ్వంటవనే."

అవ్వ కిటికీ వైపు తిరిగింది. బాపు మళ్లీ అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియనట్టుగా. "గనిల నన్ను హాజరు బిళ్ల నంబరు తోటి పిలిచెటోళ్లు. ఆమె సార్ అంటది."

"సార్ అంటె పొద్దుగాల ఆరింటికే ఉరుకుతవా?" అంది అవ్వ. మాట కరుకుగానే ఉంది. అయినా బస్సు దిగేటప్పుడు ఆయన ఈడ్చే కాలు వైపు తాను నిలబడి చెయ్యి అందించింది.

శుక్రవారం ఆమె కూడా బయల్దేరింది. బాపును నమ్మి వెళ్లిందని నేను అనుకోను. కాపలాకు వెళ్లింది. వెళ్లాక పందిరి వల అతుకులు ఊడిపోయి ఉండటం చూసి ఆగలేక సూదీ నైలాన్ దారం అడిగిందట. ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. ఆమెకూ నర్సరీ ఆమెకూ నీళ్లు పెట్టే వేళ గురించి వెళ్లిన ప్రతిసారీ వాదన. నాకు ఫోన్ చేసి చెప్తుంది. "ఆమె మీ బాపు చాయ్‌ల చక్కెర ఎక్కువ ఏస్తుంది బిడ్డా. ఎందుకంటవ్?" నాకు తెలియదంటాను. "నాకు గూడ తెల్వది. చూస్త," అంటుంది.

రైతు చేనుకు ముగ్గురూ వెళ్లారు. బాపు కొలుస్తుంటే రైతు అన్నట్టే పక్కన నిలబడి ప్రతి ఆకూ చూశాడు. కొన్ని చిన్నాకువి తేలాయి. నర్సరీ ఆమె వాటికి బదులు పెద్దాకువి ఇచ్చింది. చిన్నవి వెనక్కి ఇమ్మంటే రైతు ఇవ్వలేదు. కట్ట మీద వేరే వరసలో నాటుకున్నాడు. ఏది ఏదో పదేళ్లకు చెట్టే చెప్తుంది, మీ పుస్తకం చెప్పేది కాదన్నాడట. బాపుకు ఆ మాట నచ్చింది.

నేను కరీంనగర్ వచ్చాక ఊరికే ఉండలేదు. గ్రంథాలయంలో ఒక పాత నిఘంటువు పట్టుకుని ఆ మాట మళ్లీ వెతికాను. మాక్రోకు పాత గ్రీకులో మొదటి అర్థం పొడుగు అట. పెద్ద అనే అర్థం తర్వాత దానికి అంటుకుంది. చెట్లకు పేర్లు పెట్టేవాళ్లు రెండో అర్థంలోనే వాడుకున్నారు. బాపుకు ఫోన్ చేసి చెప్పాను. గెలిచినట్టు చెప్పానేమో కూడా.

"ఏ పుస్తకంల ఉన్నది?" అన్నాడు.

చెప్పాను.

"ఫొటో పెట్టు."

పెట్టాను. గంట తర్వాత ఆయనే చేశాడు. "పొడుగంటే గూడ తప్పు లేదు. ఆకు పొడుగ్గనే ఉన్నది. కాని గా పుస్తకం రాసినాయన చెట్ల మనిషా, మాటల మనిషా?"

మాటల మనిషే అని చెప్పాను.

"అట్లనా," అన్నాడు బాపు. నమ్మినట్టు నాకనిపించలేదు.